‘వెళ్ళకుండా ఆపింది’ని ఇంగ్లీషులో రాయడం: ఒక సేఫ్టీ సూపర్‌వైజర్ కేసు

‘ప్రివెంట్’ అనే మాట తెలియనివాళ్ళు మా బ్యాచుల్లోకి రారు. ఆస్పత్రి గోడల మీద, ఫ్యాక్టరీ గేట్ల మీద, కరోనా రోజుల్లో ఫోన్ కాలర్ ట్యూన్‌లో కూడా విన్న మాటే. అందుకే దాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవాలని ఎవరికీ తోచదు. దానితో ఒక పూర్తి వాక్యం రాయమంటే మాత్రం ఇంజనీరింగ్ చదివినవాళ్ళూ ఆగిపోతారు. విశాఖలో ఉద్యోగస్తులకి రాత ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. ఈ ఒక్క క్రియ మీదే నడిచిన ఒక కేసును ఇక్కడ రాసి పెడుతున్నాను. నేర్చుకున్నాయన పేరు, కంపెనీ, ఊరి వివరాలు వదిలేశాను. సంఘటనల్లో కొన్ని మార్చాను. వాక్యాల్లో తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, కేసంతా వాటిలోనే ఉంది కనుక.

నేపథ్యం

ఆయన పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత డిప్లొమా, ఆపైన ఇండస్ట్రియల్ సేఫ్టీలో కోర్సు. నగరానికి దక్షిణాన ఉన్న ఒక ఫార్మా యూనిట్‌లో సేఫ్టీ సూపర్‌వైజర్. గాజువాక నుంచి కంపెనీ బస్సులో పోయి రావడం, సాయంత్రం ద్వారకానగర్ క్లాసు. ప్లాంట్ పని మీద పట్టున్న మనిషి. ఏ వాల్వ్ దగ్గర ఏది జరిగితే ఏమవుతుందో తెలుగులో చెబుతుంటే వినాలనిపిస్తుంది. అదే కాగితం మీద ఇంగ్లీషులో పెట్టాలంటే చేయి ఆగుతుంది.

ఆయన రోజూ నింపేవి రెండు రకాల కాగితాలు. ఒకటి నియర్ మిస్ రిపోర్టు: ప్రమాదం జరగబోయి తప్పిపోయిన సంఘటనల రికార్డు. రెండోది కాపా: జరిగిన తప్పును సరిచేయడానికి, మళ్ళీ జరగకుండా చూడడానికి ఏం చేశారో రాసే ఫారం. ఫార్మాలో పనిచేసే వాళ్ళకి కాపా అంటే వివరించక్కర్లేదు. రెండింటిలోనూ అసలు ప్రశ్న ఒకటే, ఏది దేన్ని ఆపింది, లేదా ఆపలేకపోయింది. అంటే ఈ ఉద్యోగంలో ‘ప్రివెంట్’ను తప్పించుకు తిరగడం కుదరదు.

వచ్చిన సమస్య

ఆయన క్లాసులో చేరడానికి కారణం ఒక ఆడిట్. మాక్ డ్రిల్ రోజున, అంటే ప్రమాదం వస్తే బయటపడడం సాధన చేసే రోజున, ఎమర్జెన్సీ ఎగ్జిట్ ముందు మెటీరియల్ ప్యాలెట్లు (సరుకు పేర్చే పలకలు) పెట్టి ఉన్నాయి. జనం పక్కనుంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఒదిగి బయటపడ్డారు. ఆలస్యమైంది కానీ అందరూ అసెంబ్లీ పాయింటుకి చేరారు. దాన్ని ఆయన రిపోర్టులో ఇలా రాశారు: “ప్యాలెట్స్ ప్రివెంటెడ్ ది వర్కర్స్ నాట్ టు గో త్రూ ది ఎమర్జెన్సీ ఎగ్జిట్.”

ఆడిటర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. హెడ్ కౌంట్ షీట్ ప్రకారం అందరూ బయటికొచ్చారు. రిపోర్టులో ‘ప్రివెంటెడ్’ అని ఉంది, వెంటనే ‘నాట్’ ఉంది. ఇంతకీ ఎగ్జిట్‌లోంచి వెళ్ళారా, వెళ్ళలేదా? వెళ్ళలేకపోతే హెడ్ కౌంట్ తప్పు. వెళ్ళారంటే రిపోర్టు తప్పు. ఏది తప్పని తేలినా రాసినవాడికి ఇబ్బందే.

“ఇంగ్లీషు బాలేదంటే పడతాను మేడమ్. అబద్ధం రాసేనేటని అడిగితే ఏటి సెప్పాలి?” అన్నారు మొదటి రోజు. నా దృష్టిలో కేసును సరిగ్గా చెప్పిన మాట అదే. ఇది మార్కులు పోయే గ్రామర్ తప్పు కాదు. జరిగినదాన్నే మార్చేసిన తప్పు.

ఆయన పాత రిపోర్టుల నకళ్ళు తెప్పించి చూశాను. తప్పులు మూడు తీరుల్లో ఉన్నాయి. ‘ప్రివెంటెడ్ హిమ్ టు ఎంటర్’ ఒక తీరు. ‘ప్రివెంటెడ్ నాట్ టు’, ‘ప్రివెంటెడ్ ఫ్రమ్ నాట్ హ్యాపెనింగ్’ ఇంకో తీరు. మూడోది చూడడానికి చిన్నదే, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం అదే: “ఇంటర్‌లాక్ ప్రివెంటెడ్ ది ఆపరేటర్.” ఇంటర్‌లాక్ అంటే ప్రమాదకరమైన పని జరగకుండా యంత్రానికి ఉండే తాళం లాంటి ఏర్పాటు. వాక్యం అక్కడితో ఆగిపోయింది. ఆపరేటర్‌ని దేన్నుంచి ఆపిందో లేదు.

తప్పు ఎక్కడ పుడుతోంది

చికిత్స మొదలుపెట్టే ముందు కారణం తేల్చుకోవాలి. ‘టు’ ఎందుకు వస్తోందో కనుక్కోవడం తేలికే. ‘అలౌ హిమ్ టు గో’, ‘పర్మిట్ హిమ్ టు ఎంటర్’, ‘ఎనేబుల్ హిమ్ టు వర్క్’ అన్నీ బడిలో నేర్చుకున్నవే. వెళ్ళనివ్వడానికి ‘టు’ వాడితే వెళ్ళనివ్వకపోవడానికీ అదే వాడాలని బుర్ర తనంతట తాను అనుకుంటుంది. ఇంగ్లీషులో ఈ రెండు గుంపుల దారులు వేరు. అనుమతించే క్రియల వెనక ‘టు’ వస్తుంది. ప్రివెంట్, స్టాప్, ప్రొహిబిట్ లాంటి ఆపే క్రియల వెనక ‘ఫ్రమ్’, దాని తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తుంది. ‘ఫర్‌బిడ్’ ఒక్కటి ఈ గీత దాటి ‘ఫర్‌బిడ్ హిమ్ టు ఎంటర్’ అనిపించుకుంటుంది. దాని సంగతి ఆయనకి చెప్పలేదు. అది ఫ్యాక్టరీ కాగితాల్లో తగిలే మాట కాదు.

‘నాట్’ రావడానికి కారణం లోతుగా ఉంది. తెలుగులో మనం ‘వెళ్ళకుండా ఆపింది’ అంటాం. లేదనే అర్థం ‘వెళ్ళకుండా’లోనే ఉంది. ‘పడకుండా పట్టుకున్నాడు’, ‘రాకుండా అడ్డుకున్నారు’, ‘జరగకుండా చూశారు’ అన్నీ ఇదే కట్టుబాటు. ఆపడం ఒక ముక్క, జరగకపోవడం ఇంకో ముక్క, రెండూ బయటికి వినిపిస్తాయి. ఇంగ్లీషు ‘ప్రివెంట్’లో జరగకపోవడమనేది క్రియ కడుపులోనే ఉంటుంది, బయటికి కనబడదు. తెలుగులో ఆలోచించే మనిషికి ఆ వాక్యం కాస్త బోసిగా అనిపిస్తుంది. ఏదో తగ్గిందనుకుని ‘నాట్’ తెచ్చి పెడతాడు. పెట్టగానే అర్థం తిరగబడుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఫ్రెంచిలో ‘ఆపు’ అనే క్రియ తర్వాత వచ్చే ఉపవాక్యంలో, అర్థానికి అవసరం లేకపోయినా, లేదని చెప్పే చిన్న ముక్కను చేర్చే అలవాటు పుస్తక భాషలో ఇప్పటికీ ఉంది. ఆయనకి ఈ సంగతి చెబితే కొంత సిగ్గు తగ్గింది. సిగ్గు తగ్గితే తప్పు బయటికొస్తుంది, బయటికొస్తే పట్టుకోవచ్చు.

ఏం చేసి చూశాం, ఏది నిలవలేదు

మొదట అందరూ చేసేదే చేశాం. సూత్రం, దాని కింద ఖాళీలు నింపే అభ్యాసం. ఆయన తప్పు లేకుండా నింపేవారు. అదే వారం రిపోర్టులో మళ్ళీ ‘ప్రివెంటెడ్ హిమ్ టు’. కారణం ఆలోచిస్తే, ఖాళీల అభ్యాసంలో క్రియ ముందే అక్కడ ఉంటుంది. మనిషి చేసేది దాని తోక సరిచేయడమే. ప్లాంట్‌లో రిపోర్టు రాసేటప్పుడు ముందు ఉండేది తెలుగులో ఒక సంఘటన. ఆ సంఘటన నుంచి క్రియ దాకా వచ్చే దారిలో తప్పు జరుగుతోంది. అభ్యాసం ఆ దారిని తాకనే లేదు.

రెండోసారి దారి తగ్గించాలనుకున్నాం. ‘ప్రివెంట్’ తర్వాత మనిషినీ పనినీ పెట్టడం మానేసి ఒక్క నామవాచకంతో సరిపెట్టుకోమన్నాను. ‘ప్రివెంటెడ్ ఇంజురీ’, ‘ప్రివెంటెడ్ స్పిల్లేజ్’, ‘ప్రివెంటెడ్ ఓవర్‌ఫ్లో’. ఇది సగం ఫలించింది. ఫారంలో చిన్న గడి నింపడానికి ఇంతకన్నా శుభ్రమైన వాక్యం లేదు, ఇప్పటికీ ఆయన వాడుతున్నారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ప్రతి పనికీ చేతికి అందే నామవాచకం ఉండదు. లేనిచోట ఆయనే తయారు చేయడం మొదలుపెట్టారు. ‘ప్రివెంటెడ్ ది గోయింగ్ ఆఫ్ ది వర్కర్స్ బై ప్యాలెట్స్’ అని ఒకరోజు చూశాక ఈ దారికి హద్దు ఎక్కడో తెలిసింది. ఎవరిని ఆపిందో ముఖ్యమైన చోట మనిషిని తీసేస్తే రిపోర్టే పనికి రాదు.

తర్వాత పేపర్ హెడ్డింగులు పట్టుకున్నాం. ‘నిరసనకారులను అడ్డుకున్న పోలీసులు’ లాంటివి ఇంగ్లీషులోకి మార్చడం. ఇదీ కుదరలేదు, అయితే ఎందుకు కుదరలేదో తెలిసినప్పుడే కేసు మలుపు తిరిగింది. ‘అడ్డుకున్నారు’ అన్నప్పుడు వాళ్ళు చివరికి వెళ్ళారా లేదా అన్నది తెలుగు మాటలో లేదు. కాసేపు నిలబెట్టి వదిలేసినా అడ్డుకోవడమే, వ్యాన్ ఎక్కించి తీసుకుపోయినా అడ్డుకోవడమే. మన ‘అడ్డు’ అంత విశాలమైన మాట. దారికి అడ్డంగా ఉండడం, పనికి అడ్డుపడడం, మనిషిని అడ్డుకోవడం, పిల్లి అడ్డం రావడం అన్నీ దాని కిందికే వస్తాయి. ఇంగ్లీషు ఈ పని అంతటినీ ఒక్క క్రియ చేతిలో పెట్టదు. పంచుతుంది. ఆ పంపకం ఏ లెక్కన జరిగిందో తెలియకుండా సూత్రం చెబితే, వ్యాకరణం కుదిరిన తప్పు వాక్యం వస్తుంది. ‘ప్యాలెట్స్ ప్రివెంటెడ్ ది వర్కర్స్ ఫ్రమ్ లీవింగ్’ అని చక్కగా దిద్ది ఆడిటర్‌కి ఇచ్చినా, హెడ్ కౌంట్‌తో తగాదా అలాగే ఉండేది!

ఏది పనిచేసింది

అక్కణ్ణుంచి వరస తిరగేశాం. గ్రామర్ చివరికి పోయింది. మొదటి ప్రశ్న ఒకటే: చివరికి ఏమైంది? అడ్డు తగిలిన పని జరిగిందా, జరగలేదా?

జరగకపోతేనే ‘ప్రివెంట్’. జరిగింది కానీ ఆలస్యంగానో కష్టంగానో జరిగిందంటే ‘హిండర్’ లేదా ‘డిలే’. పని సంగతి ఇంకా తేలలేదు, దారిలో వస్తువు ఉందని మాత్రమే చెప్పాలంటే ‘బ్లాక్’ లేదా ‘అబ్‌స్ట్రక్ట్’, అప్పుడు వాటి వెనక రావలసింది దారి, తలుపు, పైపు. ఈ ప్రశ్న అడగ్గానే ప్యాలెట్ల దగ్గర ఆయనే ఆగిపోయారు. “అందరూ బయటికొచ్చీసేరు కదా మేడమ్. మరి ప్రివెంట్ ఎలాగవుద్ది?” కాదు. “ప్యాలెట్స్ పార్ట్లీ బ్లాక్డ్ ది ఎమర్జెన్సీ ఎగ్జిట్ అండ్ డిలేడ్ ది ఎవాక్యుయేషన్.” ఆయన సొంతంగా రాసిన ఈ వాక్యంలో ప్రివెంట్ లేనే లేదు. ప్రివెంట్ నేర్చుకోవడంలో మొదటి గెలుపు అది అవసరం లేని చోటును గుర్తుపట్టడమని నేను రాసుకున్నది అప్పుడే.

సాధనకి వైజాగ్ వాళ్ళందరికీ తెలిసిన సంఘటనలు తీసుకున్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి వాక్యాలు వెతుక్కోవాల్సిన పని లేదు. చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి: ‘ఫాలెన్ ట్రీస్ బ్లాక్డ్ ది రోడ్స్’. కరెంటు లేక సహాయం నెమ్మదించింది: ‘హిండర్డ్ ది రిలీఫ్ వర్క్’. ఎయిర్‌పోర్టు టెర్మినల్ దెబ్బతిని విమానాలు నడవలేదు: ‘ప్రివెంటెడ్ ఫ్లైట్స్ ఫ్రమ్ ఆపరేటింగ్’. ఒకే తుఫాను, మూడు ఫలితాలు, మూడు క్రియలు. ఆయన రెండో వాక్యం దగ్గర వాదించారు. తమ వీధికి ఏ సహాయమూ రాలేదట, అక్కడ ప్రివెంట్ అనే రాయాలట. ఆ వాదన వచ్చిందంటే విషయం ఎక్కినట్టే.

ఇక కట్టుబాటు. ‘వెళ్ళకుండా’ నుంచి నేరుగా ఇంగ్లీషులోకి దూకితే ‘నాట్’ వెంటబడుతుంది కాబట్టి మధ్యలో ఒక మెట్టు వేశాం. తెలుగు వాక్యాన్నే ముందు కావాలని వంకరగా రాయించాను. ‘గార్డు అతన్ని లోపలికి వెళ్ళకుండా ఆపాడు’ని ‘గార్డు అతన్ని లోపలికి వెళ్ళడం నుంచి ఆపాడు’గా. ‘కుండా’ పోయి ‘డం’ వచ్చింది, పక్కన ‘నుంచి’ వచ్చింది. ‘డం’ ఉన్నచోట ‘ఇంగ్’, ‘నుంచి’ ఉన్నచోట ‘ఫ్రమ్’. “ఇదేం తెలుగు మేడమ్, అనువాదం సినిమాలా ఉంది” అన్నారు. ఉండాలి మరి. ఆ వంకర వాక్యం ఎవరికీ చూపించడానికి కాదు, నోట్‌బుక్ మార్జిన్‌లో ఉండడానికే. కొన్ని వారాలు ప్రతి రిపోర్టుకి ముందు ఆయన అలా రాసి, తర్వాతే ఇంగ్లీషు రాసేవారు. ఇంత గుండ్రంగా తిరగడం దేనికని తోటి టీచరొకరు అడిగారు. దగ్గరి దారిలో ‘నాట్’ కాపు కాసుకుని ఉంటే చుట్టు దారే నయం.

సగంలో ఆగిన ఆ ఇంటర్‌లాక్ వాక్యం ఈ దశలో బాగుపడింది. సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి పదార్థాలను వేరుచేసే యంత్రం) తిరుగుతున్నప్పుడు మూత తెరుచుకోకుండా ఇంటర్‌లాక్ ఉంటుంది. తెలుగులో ‘తెరవడం’ వేరు, ‘తెరుచుకోవడం’ వేరు. మొదటిది మనిషి పని, రెండోది మూతకి జరిగేది. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఓపెనింగే’. అప్పుడు తేడా ఎక్కడ తెలుస్తుంది? ప్రివెంట్ వెనక ఎవరిని పెట్టామన్న దాంట్లో. ‘ప్రివెంటెడ్ ది ఆపరేటర్ ఫ్రమ్ ఓపెనింగ్ ది లిడ్’ అంటే ఆపరేటర్ ప్రయత్నం చేశాడన్న అనుమానం చదివేవాడికి వస్తుంది. ‘ప్రివెంటెడ్ ది లిడ్ ఫ్రమ్ ఓపెనింగ్’ అంటే ఆ అనుమానం మనిషి మీదికి పోదు. రెండూ సరైన వాక్యాలే, కానీ ఒకటి ఒక కార్మికుడికి మెమో తేగలదు. ఆయన దీని మీద చాలాసేపు కూర్చున్నారు. నేను క్లాసులో నేర్పిన వాటన్నిటిలో తన ఉద్యోగానికి పనికొచ్చింది ఇదేనని తర్వాత అన్నారు. నేను నేర్పింది మరీ అంత లేదు. ప్లాంట్ తెలిసిన మనిషి కనుక తేడా ఏం చేస్తుందో ఆయనకే ముందు తట్టింది.

చివరగా ‘ఆపలేకపోయింది’. దీనికి 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ సరుకు ఓడ పనికొచ్చింది. ‘ఓడ ఒడ్డుకి రాకుండా యాంకర్ ఆపలేకపోయింది.’ తెలుగు వాక్యంలో లేదనే అర్థం రెండుచోట్ల ఉంది, ఓడ మాత్రం వచ్చేసింది. ఇంగ్లీషులో ఒక్క ‘నాట్’ చాలు, అదీ ప్రివెంట్‌కి ముందు: ‘ది యాంకర్ డిడ్ నాట్ ప్రివెంట్ ది షిప్ ఫ్రమ్ డ్రిఫ్టింగ్ అషోర్.’ ‘నాట్’ ప్రివెంట్ తర్వాత వచ్చిందంటే అది తెలుగు తెచ్చిందని అనుమానించమన్నాను. ఈ ఒక్క తనిఖీని ఆయన ఫోన్‌లో నోట్‌గా పెట్టుకున్నారు. సబ్‌మిట్ నొక్కే ముందు ‘నాట్’ ఎటువైపు ఉందో చూసుకుంటారు.

తేలింది, తేలనిది

తర్వాతి ఆడిట్‌లో ఆయన రాసిన వాక్యాల మీద ప్రశ్న రాలేదు. అలసిపోయిన నైట్ షిఫ్ట్ రిపోర్టుల్లో మాత్రం ‘ఫ్రమ్ నాట్’ అప్పుడప్పుడు తొంగిచూసింది. అలవాటు మారింది కానీ పాతది చెరిగిపోలేదు. ఇంకో దుష్ఫలితం కూడా వచ్చింది. కొన్నాళ్ళు ఆయన భయంతో అన్నిచోట్లా ‘హిండర్’ రాశారు. నిజంగా గాయం తప్పించిన ఇంటర్‌లాక్‌ని కూడా ‘హిండర్డ్ ది ఇంజురీ’ అన్నారు. గాయం ఆలస్యంగా అయ్యిందా అని అడిగితే నవ్వి దిద్దుకున్నారు.

‘ఫ్రమ్’ వదిలేయవచ్చా అన్న ప్రశ్న మధ్యలో వచ్చింది. ఎక్కడో ‘ప్రివెంట్ హిమ్ లీవింగ్’ చదివారట. బ్రిటిష్ వాడుకలో అది ఒప్పే. అయినా వదలొద్దన్నాను, రెండు కారణాలతో. కర్మణిలోకి (ప్యాసివ్ వాయిస్‌లోకి) వెళ్ళగానే ‘ఫ్రమ్’ తప్పనిసరి: ‘హి వాజ్ ప్రివెంటెడ్ ఫ్రమ్ లీవింగ్’. రెండోది, పక్కనే ఉన్న ‘కీప్’ అనే క్రియతో ప్రమాదం. ‘కీప్ హిమ్ ఫ్రమ్ వర్కింగ్’ అంటే పని చేయనివ్వకు. ‘ఫ్రమ్’ తీసేస్తే, ‘కీప్ హిమ్ వర్కింగ్’ అంటే పని చేయిస్తూనే ఉండు. లాక్ అవుట్ వేసిన, అంటే రిపేరు కోసం ఆపి తాళం వేసిన యంత్రం దగ్గర ఈ రెండింటికీ ఉన్న తేడా సేఫ్టీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎప్పుడు వదలొచ్చో గుర్తుపెట్టుకోవడం కన్నా ఎప్పుడూ ఉంచడం చవక.

ఈ కేసు తర్వాత ఉద్యోగస్తుల బ్యాచుల్లో ఆపే క్రియలను సూత్రంతో మొదలుపెట్టడం మానేశాను. ఎవరి ఉద్యోగంలో జరిగిన సంఘటన వాళ్ళని తెలుగులో చెప్పమంటాను, ‘చివరికి ఏమైంది’ అని అడుగుతాను. పోర్టులో పనిచేసేవాళ్ళు, నర్సులు, బ్యాంకు వాళ్ళు అందరి దగ్గరా ‘అడ్డు’ ఉంటుంది, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో క్రియగా తేలుతుంది. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి మాత్రం పాత పద్ధతే ఉంచాను. వాళ్ళకి ప్రశ్నలో క్రియ ముందే ఉంటుంది, కావలసింది తోకే.

మా సూపర్‌వైజర్ ఇప్పుడు ‘అవాయిడ్’ దగ్గర ఆగి ఉన్నారు. కాపాలో ‘టు అవాయిడ్ ది వర్కర్స్ ఫ్రమ్ స్లిప్పింగ్’ అని రాస్తున్నారు. అవాయిడ్ వెనక మనిషిని పెట్టి ‘ఫ్రమ్’ వేయడం కుదరదు. తానే తప్పించుకుంటే ‘అవాయిడ్ స్లిప్పింగ్’, ఇంకొకరిని తప్పిస్తే ‘ప్రివెంట్ ది వర్కర్స్ ఫ్రమ్ స్లిప్పింగ్’. ప్రివెంట్ కోసం వేసిన కట్టుబాటు పక్క క్రియ మీదికి పాకింది. వచ్చే వారం నుంచి దాని మీద కూర్చుంటున్నాం, ఈసారి కూడా ఆయన పాత కాపా ఫారాలతోనే.